ఐ.పి. పెట్టినవాడి పరువు

“ఐ.పి. పెట్టాడు” అన్న మాట మన సీమలో తిట్టుగా చలామణి అవుతున్నది. ఇన్‌సాల్వెన్సీ పిటీషనుకు అది పొట్టిపేరు. ప్రగతివాదులమని చెప్పుకునే వుపాధ్యాయ మిత్రులు కూడా దాన్ని అదే వెక్కిరింతతో అనటం విని నేనిది రాస్తున్నాను. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దండలు వేస్తారు గాని, అదే ఉయ్యాలవాడలో అప్పు తీర్చలేని కౌలురైతు వారికి దొంగ!

ఇంతకూ ఆ ఐ.పి. రైతుకు ఇచ్చేదేమిటి? చట్టం 1920 నాటిది. తెల్లదొర పోయినా అది పోలేదు. కోర్టు ఒకణ్ణి దివాలాదారని ప్రకటిస్తే, జప్తుకు లొంగే అతని ఆస్తి కోర్టుకో రిసీవరుకో దఖలు పడుతుంది. ప్రోనోటు మీద డిక్రీ తెచ్చుకున్న షావుకారు కోర్టు అనుమతి లేకుండా అతని మీదికి పోలేడు. డిక్రీ చిరిగిపోదు, తక్కిన బాకీల వరుసలో నిలబడుతుంది. విడుదల వుత్తర్వు వస్తేనే దాని పీడ వదిలేది. సర్కారు బాకీకీ, మోసంతో చేసిన అప్పుకూ అదీ వర్తించదు.

ఇక తనఖా. అసలు కిటుకంతా ఇక్కడ వున్నది. తనఖాదారు హక్కును 28వ సెక్షను పదిలంగా మినహాయించింది. రైతు దివాలా తీసినా తీయకున్నా పొలాన్ని వేలం వేయించుకునే హక్కు అతనికి చెక్కుచెదరదు. కుందూ వొడ్డు నల్లరేగడిలో శనగ వేసి నష్టపోయినవాడికి ఆ పొలం తప్ప ఏమున్నది?

దీని పక్కన కంపెనీ దివాలాను పెట్టి చూడండి. 2016 నాటి కోడు 14వ సెక్షను కింద దావాలు, డిక్రీల అమలు, చివరకు బ్యాంకు తాకట్టు హక్కు కూడా స్తంభించిపోతాయి. విశాఖపట్నం సినర్జీస్ డూరే కంపెనీ వ్యవహారంలో సుమారు 972 కోట్ల బాకీని, 55 కోట్ల లోపు చెల్లింపుతో, హైదరాబాదు ట్రిబ్యునలు 2017 ఆగస్టులో తేల్చేసింది. నూటికి ఆరు రూపాయలు! దాన్ని ఎగ్గొట్టటమనలేదు, పరిష్కారమన్నారు. ఫ్యాక్టరీ నిలవాలంటే అది తప్పదని న్యాయవాద మిత్రులంటారు. వొప్పుకుంటాను. సేద్యం నిలవటానికి పొలం అక్కర్లేదా?

అదే కోడులో, 35,000 రూపాయలకు మించని అప్పులున్న నిరుపేదలకు “కొత్త ఆరంభం” అంటూ వొక అధ్యాయం వున్నది. వ్యక్తులకు సంబంధించిన ఆ భాగంలో 2019 డిసెంబరు 1న అమలుకు తెచ్చింది మాత్రం కంపెనీల అప్పుకు పూచీపడ్డవారి మట్టుకే.

కోర్టు విడిచినా పరపతి చిట్టా విడవదు. 2005 చట్టం కింద నడిచే పరపతి సమాచార కంపెనీల లెక్కల్లో “రైటాఫ్”, “సెటిల్డ్” అన్న ముద్రలు ఏళ్ళతరబడి వుంటాయి. బ్యాంకు కాదన్నవాడు మళ్ళీ ప్రోనోటు షావుకారు అరుగే ఎక్కాలి. ఆ షావుకారికి సిబిల్ స్కోరుతో పనిలేదు. ఎవడికి ఎంత పొలమో, ఎవరి కూతురు పెళ్ళికుందో అతనికి తెలుసు.

డిక్రీని, వడ్డీని ముట్టుకుంటే చట్టమర్యాద కూలుతుందట! రాజగోపాలాచారి మంత్రివర్గం 1938లో మద్రాసు రాష్ట్ర రైతు రుణ చట్టం చేసి, 1937 అక్టోబరు 1 నాటికి రైతుల మీద పేరుకున్న వడ్డీ బకాయిని రద్దు చేసింది. అప్పటికే పుట్టిన డిక్రీలను సైతం తగ్గించి రాయించుకునే వీలిచ్చింది. ఆయన కమ్యూనిస్టేమీ కాదు గదా! కర్నూలు జిల్లా నాడు మద్రాసులోనే వున్నది.

నంద్యాల, ఆళ్ళగడ్డ వుపాధ్యాయ సంఘాలను నేనడిగేది రెండే: ఆ నిద్రపోతున్న అధ్యాయాన్ని, పరిమితి పెంచి, అమలు చేయమని తీర్మానించండి, దివాలా దరఖాస్తు తేలేదాకా తనఖా పొలం వేలాన్ని ఆపే సవరణ కోరండి.