అంచు తెగితే అది ఏ చీరో ఎలా తెలుస్తుంది?

మంగళగిరి చీర ఒంటి మీద పెద్దగా పనితనం ఉండదు. సాదాగానో, సన్నటి గళ్ళతోనో, చారలతోనో ఉంటుంది. అందమంతా అంచులోనే. జరీ ఎంత వెడల్పు, నిజాం అంచా కాదా, రెండు వైపులా ఒకే కొలతా అన్నది చూసే మనసు పడతారు. చేనేత చీరలకు ఫోటోలు తీయడం నా వృత్తి. అందుకే 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ పేజీ రూపు మార్చిందని తెలియగానే నాకు ముందు తట్టింది ఈ అంచుల సంగతే.

మార్పు చెప్పుకోవడానికి చిన్నదే. 2010లో ఇన్‌స్టాగ్రామ్ మొదలైనప్పుడు నలుచదరం ఫోటోలే పెట్టనిచ్చేది. 2015లో అడ్డం, నిలువు ఫోటోలకూ తలుపు తెరిచింది కానీ, ప్రొఫైల్ పేజీలో వరుసకు మూడు చొప్పున కనిపించే గడులు మాత్రం నలుచదరంగానే ఉండిపోయాయి. ఆ గడినే 2025లో నిలువు చేశారు. వెడల్పు మూడు పాళ్ళయితే ఎత్తు నాలుగు పాళ్ళు. జనం పెడుతున్నవాటిలో ఎక్కువ భాగం నిలువు ఫోటోలు, వీడియోలేనని, అందుకే మార్చామని సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరీ చెప్పారు.

ఆ కారణంలో న్యాయం ఉంది. చీర కట్టుకుని నిలబడ్డ మనిషిని నలుచదరంలో ఇరికిస్తే తలైనా పోవాలి, పాదాల మీద కుచ్చిళ్ళైనా పోవాలి. నిలువు గడిలో మనిషి నిండుగా కనిపిస్తుంది. ఇవాళ కట్టు ఫోటో తీయమంటే నేనూ నిలువుగానే తీస్తాను.

పేచీ అంతా పాత ఫోటోలతోనే. నలుచదరం ఫోటోను ఈ కొత్త గడిలో నింపితే ఎడమ పక్క ఎనిమిదో వంతు, కుడి పక్క ఎనిమిదో వంతు మరుగున పడతాయి. అంటే మొత్తం మీద నాలుగో వంతు. మడత చీరను బల్ల మీద పరిచి పైనుంచి తీసిన ఫోటోను తలచుకోండి. అంచు ఒక పక్కన నిలువునా ఉంటుంది. కొంగు రెండో పక్కకు మడిచి ఉంటుంది. చీర నంబరో, ధరో ఒక మూలన రాసి ఉంటుంది. పక్కలు కోసేస్తే ముందు పోయేవి ఇవే. మిగిలేది మధ్యలోని సాదా గుడ్డ. అది మంగళగిరి నేతో, మరో ఊరి నేతో ఎవరు గుర్తుపడతారు?

ఫోటో తెరిస్తే మొత్తం కనిపిస్తుంది కదా అనవచ్చు. తెరవాలంటే ముందు గడిలో చూసి నచ్చాలి. చీర కొనేవాళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూడరు. బొటనవేలితో పేజీని పైకి నెట్టుకుంటూ పోతారు. కంటికి నదురుగా ఏదైనా కనబడితే ఆగి, స్క్రీన్‌షాట్ తీసి, 'ఇది ఉందా అండీ, ఎంత?' అని వాట్సాప్‌లో పంపుతారు. బేరం మొదలయ్యేది అక్కడే.

దెబ్బ చీరలవాళ్ళకే కాదు. ఒకే పెద్ద చిత్రాన్ని తొమ్మిది ముక్కలు చేసి తొమ్మిది పోస్టులుగా పేర్చుకున్న చిత్రకారులున్నారు. వరుసకో రంగు చొప్పున ఏళ్ళ తరబడి సర్దుకున్న ఫోటోగ్రాఫర్లున్నారు. ముక్కకూ ముక్కకూ మధ్య గీతలు కలవకుండా పోయేసరికి వాళ్ళకు కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? ఫీడ్‌లో ఏది ముందు, ఏది వెనక అన్నది కంపెనీ నిర్ణయిస్తుంది. అక్కడ మన చేతిలో ఏమీ లేదని అందరికీ తెలుసు. ప్రొఫైల్ పేజీ అలా కాదు. ఏ ఫోటో పక్కన ఏది ఉండాలో ఆలోచించి మనిషి తన చేత్తో పేర్చుకున్నది అదొక్కటే. మగ్గం ఇంట్లో ఉండి, బజారులో షాపు లేని కుటుంబానికి అదే షాపు ముందరి అద్దాల బీరువా. దాన్ని సర్దే హక్కు సర్దినవాళ్ళదేనని నా వాదన.

'నాలుగు రోజులు అరుస్తారు, తర్వాత అలవాటు పడతారు' అనే మాట ఈ రంగంలో తరచూ వింటాం. దానికి ఫేస్‌బుక్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 2006 సెప్టెంబరులో న్యూస్ ఫీడ్ వచ్చినప్పుడు, ఎవరి పేజీలో ఏం మారినా స్నేహితులందరికీ కనబడటం మొదలయ్యేసరికి లక్షలమంది అదే ఫేస్‌బుక్‌లో గ్రూపు కట్టి ఎదురు తిరిగారు. ఇప్పుడు ఫీడ్ లేని ఫేస్‌బుక్‌ను ఊహించలేం కాబట్టి ఆనాటి జనానిదే తప్పని తేల్చేస్తారు. ఆ కథలో సగం వదిలేస్తున్నారు. గొడవ మొదలైన మూడు రోజులకే ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ పొరపాటు జరిగిందని బహిరంగంగా ఒప్పుకుని, ఏ సంగతి ఫీడ్‌లోకి వెళ్ళాలో ఎంచుకునే సెట్టింగులు ఇచ్చారు. జనం అలవాటు పడింది ఆ సెట్టింగులు వచ్చాకే. నోరు మూసుకుని ఉంటే అవి వచ్చేవా?

అదే కంపెనీ 2011లో టైమ్‌లైన్ అనే కొత్త ప్రొఫైల్ పేజీని ప్రకటించి, మరుసటి ఏడు అందరికీ వర్తింపజేసింది. ఏళ్ళనాటి పోస్టులు ఒక్క నొక్కుతో పైకి తేలే ఏర్పాటు అది. అప్పుడు కూడా నిరసన గట్టిగానే వచ్చింది. కానీ కొత్త పేజీ నలుగురికీ కనబడేలోపు చూసుకుని, దాచుకోవలసినవి దాచుకోవడానికి ఏడు రోజులు ఇచ్చారు. ఏడు రోజులు తక్కువే అంటాను నేను. అయినా గడువు ఇవ్వడం సాధ్యమేనని అక్కడే రుజువైంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ మెటావే. ఇంట్లో ఉన్న పద్ధతిని ఇంకో గదిలో పాటించడానికి అడ్డేమిటి?

మన వైపు నుంచి చూస్తే వేళ కూడా మంచిది కాదు. సంక్రాంతి అమ్మకాలు అయిపోయి, మాఘమాసం పెళ్ళిళ్ళకు చీరలు వెతికే రోజులవి. ఫోటోను గడిలో అటూ ఇటూ జరుపుకునే వీలు కల్పించారు, సంతోషమే. అయితే ఒక్కొక్క ఫోటోనూ తెరిచి జరుపుకోవాలి. వందల చీరలున్న పేజీకి, పగలు నాన్నకు ఆసు పోసిపెట్టి రాత్రి ఫోన్ పట్టుకునే కూతురికి, ఆ పని ఎన్నాళ్ళు పడుతుందో ఆలోచించాలి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మళ్ళీ ఇలాంటి మార్పు తెచ్చినప్పుడు, కొత్త పోస్టులకు కొత్త గడి పెట్టండి. పాతవి మార్చేముందు కనీసం నెల రోజులు గడువిచ్చి, మారితే పేజీ ఎలా ఉంటుందో యజమానికి మాత్రమే కనబడేలా చూపించండి. ఫోటోలన్నింటినీ ఒకేసారి సర్దుకునే మార్గం ఇవ్వండి. పక్కలు కోయకుండా, పైనా కిందా ఖాళీ వదిలి ఫోటో మొత్తం చూపించే ఏర్పాటును కూడా ముందే పెట్టండి. మార్పు కబురు యాప్ మూలలో చిన్న అక్షరాలతో కాకుండా, పేజీ తెరవగానే కనబడేలా, తెలుగులో కూడా చెప్పండి.