కుందేలు సాక్ష్యం చెల్లదు

సంతానం కలగని మగవాళ్లకు మూలికల క్యాప్సూళ్లు అమ్మేవాళ్లు, వాళ్లను వెనకేసుకొచ్చేవాళ్లు ఒకే మాట పట్టుకున్నారు: ‘కుందేళ్ల మీద పరీక్షించారు, హాని లేదని తేలింది’. ఆ మాట మీద ఒక్క సీసా కూడా అమ్మనివ్వకూడదు. అలా ఎందుకనాలో పత్తి గింజ ఎప్పుడో చెప్పింది. మన చర్చల్లో ఎవరూ దాని ఊసెత్తరు.

పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. శుద్ధి చేయని పత్తి గింజల నూనె వాడిన చైనా పల్లెల్లో మగవాళ్లకు సంతానం కలగడం లేదని 1950ల్లో గమనించారు. 1970ల్లో ఆ దేశం గాసిపాల్‌నే మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా 8,000 మందికి పైగా ఇచ్చి చూసింది. మాత్ర బాగానే పనిచేసింది. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడ్డాయి. మరికొందరికి మాత్ర మానేశాక కూడా వీర్యకణాలు తిరిగి రాలేదు. చివరికి 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరిశోధనకు స్వస్తి చెప్పింది.

మరి కుందేలు? శాస్త్రవేత్త ఎం.సి. చాంగ్ బృందం 1980లో ప్రచురించిన ప్రయోగంలో గాసిపాల్ ఎలుకల, హామ్‌స్టర్ల సంతానశక్తిని దెబ్బతీసింది. మగ కుందేళ్ల సంతానశక్తి మాత్రం చెక్కుచెదరలేదు. 1959లో కుందేలు అండాన్ని గాజు పాత్రలో ఫలదీకరించి పిల్లల్ని పుట్టించింది ఈ చాంగే. కుందేలు గురించి ఆయనకు తెలియక జరిగిన పొరపాటు అనడానికి వీల్లేదు. ఆ రోజుల్లో కుందేలును మాత్రమే నమ్ముకుని ఉంటే గాసిపాల్‌కు ‘హాని లేదు’ అన్న ముద్ర పడేది.

కుందేలు ఒంటి తీరే వేరు. బెల్లడోనా ఆకులోని అట్రోపిన్‌ను విరిచేసే ఎంజైమ్ కొన్ని కుందేళ్లకు పుట్టుకతోనే ఉంటుంది. మనిషికి విషమైన ఆ ఆకును అవి తిని బతుకుతాయి. కుందేలు తన మెత్తని పెంటికలను తానే మళ్లీ తింటుంది కాబట్టి ఇచ్చిన మందు కొంత రెండోసారి కడుపులోకి పోతుంది. వీర్యకణం తయారవడానికి కుందేలులో సుమారు 7 వారాలు, మనిషిలో 10 వారాలకు పైగా పడుతుంది. నెల రోజులు కషాయం పట్టించి ఫలితం ప్రకటించేవాళ్లు కుందేలులో కూడా ఒక పూర్తి చక్రాన్ని చూడలేదన్నమాట.

కుందేలు పనికిరాదని కాదు. చంపకుండానే పదేపదే వీర్యం సేకరించవచ్చు, తొలి అడుగుగా మంచిదే. జైపూర్‌లో బొప్పాయి గింజల సారం ఇచ్చిన మగ కుందేళ్లలో వీర్యకణాలు సున్నాకు పడిపోయాయి, ఆపేశాక తిరిగొచ్చాయి. అది 1990ల నాటి మాట. మగవాళ్లకు బొప్పాయి మాత్ర ఇప్పటికీ రాలేదు. వీర్యకణాలు పెంచుతుందనే అశ్వగంధను మనుషులకే ఇచ్చి చూశారు గానీ, ఆ పరీక్షలు చాలా చిన్నవి.

మన నిబంధనలు చూడండి. గ్రంథాల్లో ఉన్న ఆయుర్వేద మందును ఆ గ్రంథం చెప్పిన జబ్బుకే అమ్మేటట్లయితే భద్రతా పరీక్ష అక్కర్లేదంటుంది ఔషధ నిబంధనల్లోని 158-బి. ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలన్న 170వ నిబంధనను కేంద్రం 2024 జులైలో తీసేసింది. సుప్రీంకోర్టు ఆగస్టులో ఆ చర్యపై స్టే ఇచ్చింది, మరుసటి ఏడాది ఆ స్టే కూడా పోయింది. అభ్యంతరకర మందుల ప్రకటనలను నిషేధించే 1954 చట్టం ఉందిగా అంటారా? అది ప్రకటన జనంలోకి వెళ్లాక కేసు పెట్టే చట్టం. అప్పటికే సీసాలు అమ్ముడైపోతాయి.

ఆయుర్వేద మందుల తయారీకి లైసెన్సులిచ్చేది రాష్ట్రాలే. పత్తి పండించే మన రెండు రాష్ట్రాలకు గాసిపాల్ కథ తెలియదంటే ఒప్పుకోను. వీర్యకణాలు పెంచుతామనే ప్రతి ఉత్పత్తికీ మనుషుల మీద కనీసం మూడు నెలల పరీక్ష ఫలితాలు అడగండి. మందు ఆపేశాక ఏమైందో కూడా చూపించమనండి. చూపించలేని కంపెనీ లైసెన్సు రద్దు చేయండి. పిల్లల కోసం అప్పుచేసి మందు కొంటున్న మగవాడిని ఇవాళ మీరు కుందేలుకన్నా హీనంగా చూస్తున్నారు. కుందేలుకైనా ముందూ తర్వాతా వీర్యకణాలు లెక్కపెడతారు, అతనికి ఆ లెక్క కూడా లేదు.