పసరు మందు తాగితే మూఢులమా?

ఆదివాసీలు ఆసుపత్రికి రారు, మూఢనమ్మకాలు ఎక్కువ అంటారు. ఈ మాట మీరూ వినే ఉంటారు. ఒక్కసారి మన ఊళ్ల నుంచి చూడండి.

పాడేరు ఏజెన్సీలో ఇంకా రోడ్డు లేని కొండ ఊళ్లున్నాయి. జ్వరం ముదిరితే డోలీ కట్టాలి. నలుగురు మోయాలి, వాళ్ల కూలి పోవాలి. సర్కారు ఆసుపత్రిలో మందు ఉచితమే. ఆటో ఉచితమా? తోడెళ్లినవాళ్ల తిండి ఉచితమా? తీరా పోయాక, కువి మాత్రమే వచ్చిన మన ముసలమ్మ నొప్పి ఎక్కడో తెలుగులో చెప్పలేదు. "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని కసురుతారు.

నాటు వైద్యుడు మన ఊళ్లోనే ఉంటాడు. మన భాషలో అడుగుతాడు, చెయ్యి పట్టుకుని చూస్తాడు. నేలవేము కషాయం ఇస్తాడు. డబ్బుల్లేకపోతే పంటొచ్చాక కుంచెడు చోళ్లు తీసుకుంటాడు. దగ్గరున్న వైద్యాన్నే జనం నమ్ముతారు. ఇందులో మూఢత్వం ఏముంది?

అలాగని మనల్ని మనం మోసం చేసుకోవద్దు. పాము కాటు విషాన్ని పసరు విరచదు, ఇంజక్షనే కావాలి. మలేరియా మెదడుకెక్కినా, కాన్పు కష్టమైనా ప్రతి గంటా ప్రాణమే. అప్పుడు ఆలస్యం చెయ్యకండి.

ప్రభుత్వ లెక్కలో గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్ సెంటర్, 20,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలి. కొండల్లో మనుషుల్ని లెక్కపెడితే చాలదు, నడకనీ లెక్కపెట్టాలి. మీ ఊరి నుంచి సబ్ సెంటర్‌కి ఎన్ని గంటల నడకో రాసి, గ్రామసభలో తీర్మానం పెట్టండి. మన భాష వచ్చిన మన పిల్లల్నే నర్సులుగా వెయ్యమని అడగండి.

జై ఆదివాసీ!