మగ్గము అమ్మిన సొమ్ముతో పాత వాడా కొనవచ్చునా?



కొంతకాలముగా మన షోలాపూరులో మనవారి నోట ఒక మాట తరచు వినవచ్చుచున్నది. మగ్గములు అమ్మివేసినవారును, పిల్లలు పూణెలోనో హైదరాబాదులోనో ఉద్యోగము చేసి పంపిన సొమ్ము చేతిలో నున్నవారును నా యొద్దకు వచ్చి, “పేటలో పాత వాడా ఒకటి చవుకగా వచ్చుచున్నది. ఎనిమిది కాపురముల కిరాయి వచ్చును గదా, కొందుమా?” అని అడుగుచున్నారు. సహకార సంఘపు కార్యదర్శి గనుక లెక్కలు తెలియుననియు, కాగితములు చదువగలడనియు వారి నమ్మకము. నేను మెట్రిక్ చదివినవాడనే గాని వకీలును కాను. అయినను ఈ విషయములో డబ్బు పోసి నేర్చుకొన్నది కొంత కలదు.

2012లో మా అన్నగారును నేనును కలిసి సాఖర్ పేట వైపున ఒక వాడా కొన్నాము. నడుమ అంగణము, చుట్టును తొమ్మిది ఖోలీలు. ఏడింటిలో కాపురములు, రెండు ఖాళీ. ధర 22 లక్షలు. అంత స్థలము ఇంకెక్కడను ఆ ధరకు దొరకదని దలాలి చెప్పినాడు. అది నిజమే. ఎందుకు దొరకదో మేము అడుగలేదు. మగ్గము కొనునప్పుడు పన్నె మొదలు నాడె వరకు చేతితో తడిమి చూచెడివారము, ఇంటి విషయమున దలాలి మాట విని బయానా ఇచ్చితిమి.

ఏడుగురును పాత కిరాయిదారులు. సగటున నెలకు 150 రూపాయల చొప్పున 1,050, ఏటికి 12,600. ఆ సొమ్మును బ్యాంకులో వేసి కూర్చున్నను ఆనాడు ఏటికి లక్షన్నరకు తగ్గని వడ్డీ వచ్చెడిది. “కిరాయి పెంచుకొందాములే” అని అన్నగారన్నారు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము 1999లో చేయబడి 2000 మార్చి 31 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము ఇట్టి కిరాయిపై ఏటికి నూటికి నాలుగు మాత్రమే పెంచవచ్చును. 150కి నాలుగు శాతమనగా ఆరు రూపాయలు. హోటలులో ఒక చాయకైనను చాలదు.

ఇల్లు చేతులు మారినంత మాత్రమున కిరాయిదారు హక్కు పోదు. పాత యజమానికి ఏ కట్టుబాట్లు ఉండెనో కొన్నవానికిని అవియే. కిరాయిదారు చనిపోయినచో అతనితో కలిసి కాపురమున్న కుటుంబమువారికి ఆ హక్కు వచ్చును. స్వంత అవసరమని కోర్టుకు పోయినను, ఇరువురిలో ఎవరి కష్టము ఎక్కువయో కోర్టు తూచి చూచును. “ఇల్లు కూలిపోయినచో హక్కును పోవును గదా” అని ఒక సభ్యుడు నాతో నవ్వుచు అన్నాడు. అదియును కాదు. మన రాష్ట్రము నుండి పోయిన ఒక కేసులోనే, కట్టడము కూల్చబడినను కిరాయిదారు హక్కు నిలిచియుండునని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున దలాలి చెప్పిన చవుక చవుక కాదు. స్థలము ధరలో నుండి ఏడు కుటుంబముల హక్కు తీసివేయగా మిగిలినదే ఆ 22 లక్షలు.

మూడవ వానకాలమున వెనుక గోడ ఉబ్బినది. దూలములకు చెద. మరమ్మతు యజమాని బాధ్యత గనుక 3 లక్షల 40 వేలు పెట్టితిమి. ఇరువది ఏడేండ్ల కిరాయి అందులో పోయినది. పెట్టక తీరదు. భివండిలో 2020 సెప్టెంబరు 21న తెల్లవారుజామున మూడంతస్తుల ఇల్లు కూలి, నిద్రలో నున్నవారు ముప్పదిమందికి పైగా చనిపోయినారు. మన తెలుగువారు వేలుగా మరమగ్గములపై బ్రతుకు ఊరది. ఆ కట్టడమునకు నలువది ఏండ్లైనను నిండలేదు. మా వాడా అంతకు రెండింతల వయస్సుది. ముప్పది ఏండ్లు దాటిన కట్టడమునకు ఇంజనీరుచే దృఢత్వ పరీక్ష చేయించవలెనని మునిసిపల్ చట్టమే చెప్పుచున్నది. కొనుటకు ముందు మేము అదియును చేయించలేదు.

ఇక వ్రాయుటకు సిగ్గుపడు సంగతి. ఆ ఏడు కాపురములలో నాలుగు మనవారివే. ముందు ఖోలీలో ఒక ముసలామె బీడీలు చుట్టుకొని బ్రతుకుచున్నది. ఆమె భర్త ఆ ఖోలీలోనే గుంట మగ్గము వేసి నేసెడివాడు. సిమెంటుతో పూడ్చిన గుంట గురుతు నేటికిని కలదు. “నీ దస్తూరి బాగుండును, ఖాళీ చేయుమని నోటీసు నీవే వ్రాయుము” అని అన్నగారన్నారు. వ్రాసి తీసికొనిపోతిని. ఆమె చాప పరచి చాయ పెట్టి, “నాకు చదువు రాదు నాయనా, ఏమున్నదో నీవే చదివి చెప్పు” అన్నది. నల్లా బిల్లు సంగతి అని అబద్ధమాడి, కాగితము మడచుకొని తిరిగివచ్చితిని. ఆ తరువాత అన్నగారు నాతో నాలుగు నెలలు మాటలాడలేదు.

అట్లని ఎవరును కొనరాదని నేననను. ఖాళీగా నున్న భాగములో తాము కాపురముండదలచినవారు కొనవచ్చును. నా అభిప్రాయములో అంతకన్న మేలైన మార్గము, అందులో నున్న కిరాయిదారులే కలిసి గృహ సహకార సంఘముగా ఏర్పడి కొనుట. కిరాయిదారు ఉండుటవలన తగ్గిన ధర కిరాయిదారునికే లాభించును. వాటాలు వేసికొని సంఘము నడుపుట మనకు కొత్త కాదు గదా.

కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. సిటీ సర్వే ప్రాపర్టీ కార్డులోని వారసులందరును సంతకము చేయవలెను. 2005 సవరణ తరువాత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకును సమాన వాటా కలదు గనుక, అన్నదమ్ముల సంతకములతో సరిపెట్టు అమ్మకమును నమ్మరాదు. ఖాళీ ఖోలీలను కిరాయికిచ్చినచో పదకొండు నెలలకైనను సరే, లీవ్ లైసెన్సు పత్రము రిజిస్టరు చేయించవలెను. లేనిచో తగవు వచ్చినప్పుడు షరతుల విషయమున కిరాయిదారు మాటయే చెల్లును.

మా వాడాను అందున్నవారికే అమ్ముటకు మాటలు జరుగుచున్నవి. ఐదు కుటుంబములు ఒప్పుకొన్నవి. మరమ్మతు ఖర్చు కలిపి ఇవ్వవలెనని అన్నగారును, కలుపరాదని నేనును పట్టుబట్టి యున్నాము. ముసలామె తన వాటా ఎట్లు కట్టునో ఇంకను తేలలేదు.

ఇట్టి బేరము చేతిలో నున్న సభ్యులు బయానా ఇచ్చుటకు ముందు కాగితములు తీసికొని ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు రాగలరు.