కణమా? గదియా?

తెలుగు మాధ్యమములో చదువుకొనెడి ఉన్నత పాఠశాల విద్యార్థి భౌతికశాస్త్రపు తరగతిలో కణమనగా మిక్కిలి చిన్న తునుక యని గ్రహించును. ధూళికణము, ఆల్ఫా కణము అట్టివే. అంతలో గంట మ్రోగును. జీవశాస్త్రోపాధ్యాయుడు వచ్చి, సకల జీవుల దేహములును కణములతో నిర్మితమైనవని చెప్పును. విద్యార్థి ఈ కణమును గూడ ఇసుకరేణువు వంటిదానినిగనే ఊహించుకొనును. పటములో చుట్టును పొర, లోపల కేంద్రకము కనిపింపగనే కలవరపడును. ఆ తప్పు అతనిది కాదు.

ఆంగ్లములో ఈ జీవకణమునకు సెల్ అని పేరు. దాని లాటిను మూలమునకు చిన్నగది యని అర్థము. క్రైస్తవ సన్న్యాసి ధ్యానము చేసికొనెడి గది సెల్. ఖైదీని బంధించెడి కొట్టును సెల్లే. కోరి చేరినవానికిని, విధిలేక చేరినవానికిని ఒకే పేరుగల గది! తేనెపట్టులోని అరకును అదే మాట. 1665లో రాబర్టు హుక్ ప్రకటించిన గ్రంథములో, సీసా బిరడాలకు వాడెడి కార్కును పలుచగా కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించిన వృత్తాంతము కలదు. అందులో తేనెపట్టును బోలిన అరలు కనిపింపగా, వానికి ఆయన ఈ పేరే పెట్టెను. పిమ్మట విద్యుత్తు పుట్టించుటకై తొట్టిని అరలుగా విభజించి ఆమ్లము పోసినపుడు ఆ అరయు సెల్లయినది. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వారు, సంచార టెలిఫోనుల కొఱకు ప్రదేశమును షడ్భుజాకారపు గళ్లుగా విభజింపవచ్చునని సూచించిరి. ఆ గడియును సెల్లే. నేడు మన పల్లెలలో సెల్లు మ్రోగినదనువారు ఆ గదిని ఎఱుగరు.

శాస్త్రములు వేఱైనను ఆంగ్లపదములోని బొమ్మ ఒకటే. తెలుగువారు ఒక్కొక్కచోట ఒక్కొక్క మాట వాడిరి. అది లోపము కాదు. విద్యుత్తు విషయమున ఘటమనుట ఎంతయో చక్కనిది. ఘటమునకు లోపలి భాగమున్నది గదా! కణమునకే అది లేదు. కణాదమహర్షి నాటినుండియు అది పరమాణువుల వైపు మాట. హిందీవారు కోశిక యనిరి, కన్నడిగులు జీవకోశ యనిరి, మలయాళీలు కోశమనిరి. అన్నమయకోశము మొదలుకొని ప్రభుత్వ కోశాగారము వఱకును ఎఱిగిన తెలుగువారికి ఆ మాట క్రొత్తది కాదు.

అయితే గది యనుటయు పూర్తిగా సరిపోదని శాస్త్రజ్ఞులు ఆక్షేపింపవచ్చును. హుక్ చూచినవి నిర్జీవమైన ఖాళీ గోడలు. జంతుకణమునకు గోడయే లేదు. నిజమే. కాని లోపలిని వెలుపలినుండి వేఱుచేసెడి పొర ప్రతి జీవకణమునకును కలదు. రేణువను ఊహలో లోపించినది సరిగా అదే.

ఇపుడు పదమును మార్చుట మాత్రము తగదు. కణజాలము, ఏకకణజీవి మున్నగు మాటలు పాఠ్యపుస్తకములలో పాతుకొనిపోయినవి; వానిని పెకలించినచో గందరగోళము ఇనుమడించును. ఉపాధ్యాయుడు తరగతిలో ఐదు నిమిషములు వెచ్చించిన చాలును. ఉల్లిపొరను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, ఇటుకల వరుసలవలె కనిపించువానిని ఏమనవచ్చునో ముందుగా పిల్లలనే అడుగవలెను. గది, అర, గూడు అని వారు తమంతట తాము పేర్లు పెట్టిన పిమ్మటనే నల్లబల్లపై కణమని వ్రాయవచ్చును.