పిడి ఊడి చేతికి వస్తే

"ఇంజనుకు ఢోకా లేదు, లోపలే కాస్త పాతబడింది." పాత కారు అమ్మేవారి నోట తరచుగా వినవచ్చే మాట ఇది. కొనేవారు కూడా ఈ మాటతో తృప్తి పడతారు. బండిని లాగేది ఇంజను, మోసేవి చక్రాలు, ఆపేవి బ్రేకులు. లోపలి సరంజామా అంతా అలంకారం మాత్రమేనని వారి అభిప్రాయం. ఈ అభిప్రాయం ఎంతవరకు సబబో ఈ నెల పాఠకులతో కలిసి పరిశీలించదలిచాము.

ఇందుకు కారణం లేకపోలేదు. ఉన్నత విద్యకో ఉద్యోగానికో అమెరికా వెళ్ళిన మన యువకుల్లో కొందరు, చేతిలో నాలుగు డాలర్లు మిగలగానే, పాతదైనా సరే ఒక రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలని ముచ్చటపడుతున్నారు. ఇక్కడి తల్లిదండ్రులు ఫోనులో ఆ కారు బొమ్మ చూసి మురిసిపోతారు. ఆ పైన ఏమి అడగాలో వారికి తోచదు. అడగవలసినవి చాలా ఉన్నాయి.

అలాంటి కార్లలో మాజ్డా ఎమ్‌ఎక్స్-5 ఒకటి. అమెరికాలో దీనిని మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో ఇది లోకానికి పరిచయమైంది. జపానులోని హిరోషిమాలో తయారయ్యే ఈ కారు మొదటి తరం 1997 వరకు సాగింది. ఆ తరం కార్లే నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. 2016లో అన్ని తరాలూ కలిపి పది లక్షలవ కారు బయటికి వచ్చింది. మొదట 1.6 లీటర్ల ఇంజను, తరువాత 1.8 లీటర్ల ఇంజను అమర్చారు. మడిచి వెనక్కు పెట్టగల గుడ్డ పైకప్పు, ఇద్దరికి మాత్రమే చోటు, సుమారు ఒక టన్ను బరువు. నిర్మాణం సరళమైనది, విడిభాగాలు దొరుకుతాయి. కాబట్టే కొత్తగా స్పోర్ట్స్ కారు కొనేవారు దీనివైపు మొగ్గుతారు. అయితే ఆ మొదటి తరంలో అన్నిటికంటే చిన్న కారుకు కూడా నేడు పాతికేళ్ళు దాటాయి.

ఇనుముకు ఉన్న ఆయుష్షు రబ్బరుకు, ప్లాస్టిక్కుకు, నురుగు దిండుకు, జిగురుకు లేదు. డాష్‌బోర్డు పైపొరకు మెత్తదనం ఇవ్వడానికి కలిపిన రసాయనాలు ఎండ వేడికి క్రమంగా ఆవిరైపోతాయి. పొర బిరుసెక్కి పగులుతుంది. ఆ ఆవిరే ముందు అద్దం లోపలి వైపున పలుచని జిడ్డుగా పేరుకుంటుంది. పగటివేళ అది కంటికి ఆనదు. సాయంకాలపు ఎండ ఎదురుగా పడినపుడు, రాత్రి ఎదుటి వాహనం దీపాలు సోకినపుడు మాత్రం అద్దమంతా తెల్లగా మెరిసి దారి కనిపించదు. అద్దం బయట ఎంత తుడిచినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తెర లోపల ఉంది. సీట్లలోని నురుగు ఏళ్ళ తరబడి వేడికీ చెమ్మకూ గురై పొడిపొడిగా రాలుతుంది. కప్పు తెరిచి తిరిగే కారుకు ఎండా వానా లోపలికే వస్తాయి కాబట్టి ఈ అరుగుదల మరింత త్వరగా జరుగుతుంది.

ఇక ఒక్కొక్క భాగాన్నే చూద్దాం. మియాటాలో గేరు రాడ్డు పైనున్న పిడి మర తిప్పి బిగించినది. మర అరిగితే గేరు మార్చే క్షణంలో పిడి ఊడి చేతికి వస్తుంది. మా వద్ద చదువుకొని ప్రస్తుతం అక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక యువకునికి హైవే మీదకు ఎక్కే మలుపులో ఇలాగే జరిగింది. వెనుక నుండి వాహనాలు వేగంగా వస్తున్నాయి. అతడు చేతిలోని పిడిని చూశాడు, దాన్ని తిరిగి బిగించాలని వంగబోయాడు. పక్కన కూర్చున్న స్నేహితుడు "దాన్ని పారేయ్, రోడ్డు చూడు!" అని గట్టిగా అరిచాడట. పిడిని కింద పడవేసి, ఉత్త రాడ్డునే పట్టుకొని గేరు మార్చి, తరువాతి ఎగ్జిట్ వద్ద దిగాడు. ఆ స్నేహితుని మాటే ఈ వ్యాసమంతటి సారాంశమని మేము భావిస్తాము.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే వాహనం ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు సాగిపోతుంది. రెండు సెకన్లు కిందికి చూసి తల ఎత్తేసరికి 55 మీటర్ల దూరం చూడకుండానే నడిపినట్లు. ఊడిన పిడి, విరిగిన ప్లాస్టిక్ ముక్క, జారిన తాళం చెవి, ఏదైనా సరే, ఆ క్షణంలో దాని విలువ సున్న. పడినది పడనిచ్చి, చూపు దారి మీదే నిలిపి, ఇండికేటరు వేసి, నెమ్మదిగా పక్కకు తీసి ఆపిన తరువాతనే వెతకాలి. అది బ్రేకు పెడలు కిందికి దొర్లే అవకాశం ఉన్నది కనుక ఆపడం కూడా ఆలస్యం చేయరాదు.

గేరు రాడ్డు చుట్టూ పైకి కనిపించే తోలు తొడుగు కింద మరొక రబ్బరు తొడుగు ఉంటుంది. కాలక్రమంలో అది చిరుగుతుంది. అప్పుడు కింది వేడిగాలి, రొద, నూనె వాసన లోపలికి వస్తాయి. చాలామంది దీనిని అసౌకర్యంగా మాత్రమే చూస్తారు. ఒకవేళ పొగ గొట్టం కూడా ఎక్కడైనా చిల్లుపడి ఉంటే ఆ చిరుగు గుండానే కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరగలదు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కారులో కూర్చున్నప్పుడల్లా తలనొప్పి, మత్తు, వికారం కలుగుతూ, దిగాక తగ్గిపోతుంటే ప్రయాణపు అలసట అని సరిపెట్టుకోరాదు. వెంటనే అద్దాలు దించి, కారు ఆపి, బయటికి రావాలి. ఆ తొడుగు ధర స్వల్పం, మార్చడం కష్టమైన పని కాదు.

సీటు ముందుకు వెనక్కు జరిగే పట్టాల మీద ఒక కొక్కెం ఉంటుంది. అది అరిగితే, వేగం పెంచినపుడు సీటు హఠాత్తుగా వెనక్కు జారుతుంది. కాళ్ళు పెడళ్ళను వదిలేస్తాయి. పట్టు కోసం చేతులు స్టీరింగును లాగుతాయి, బండి పక్క వరుసలోకి దూకుతుంది. ఈ ప్రమాదాన్ని ముందుగా కనిపెట్టడం సులువు. ప్రయాణానికి ముందు కారు నిలిచి ఉండగా రెండు పాదాలతో నేలను గట్టిగా తన్ని వీపుతో సీటును వెనక్కు నెట్టి చూడాలి. కదిలితే ఆనాడు ప్రయాణం మానుకోవాలి.

సీటు బెల్టును చివరిదాకా లాగి అంచులు పీచులెత్తాయేమో చూడాలి. గట్టిగా గుంజితే అది పట్టుకోవాలి, వదిలితే పూర్తిగా లోపలికి చుట్టుకోవాలి. వదులుగా వేలాడే బెల్టు ఉన్నట్టే ఉండి అవసరానికి లేకుండా పోతుంది. తలుపు లోపలి పిడి విరిగిన కార్లలో అద్దం దించి బయటి పిడితో తలుపు తెరుచుకొనేవారు ఉన్నారు. బండి బోల్తా పడిన రోజున, అద్దం కిందికి దిగని రోజున ఆ ఉపాయం అక్కరకు రాదు.

కాళ్ళ కింది పట్టా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో సమీపంలో ఒక కొత్త లెక్సస్ కారు అదుపు తప్పి నలుగురు ఒకే ప్రమాదంలో మరణించారు. వేరే నమూనాకు చెందిన పట్టా యాక్సిలరేటరును నొక్కిపెట్టిందని దర్యాప్తులో తేలింది. ఆ తరువాత టొయోటా సంస్థ సుమారు 38 లక్షల వాహనాల విషయంలో పట్టాల గురించి హెచ్చరించి రీకాలు ప్రకటించింది. కొత్త కారులోనే ఇలా జరిగితే, పట్టాను పట్టి ఉంచే కొక్కేలు ఎప్పుడో ఊడిపోయిన, కాళ్ళ చోటు ఇరుకైన పాత స్పోర్ట్స్ కారులో ఎంత జాగ్రత్త కావాలి! కొలతకు సరిపోని పట్టా వేయడం కంటే అసలు వేయకపోవడమే మేలు. యాక్సిలరేటరు ఎప్పుడైనా ఇరుక్కుంటే బ్రేకును వదలకుండా ఒకే ఊపున గట్టిగా తొక్కి ఉంచాలి. క్లచ్ నొక్కాలి లేదా గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. బండి ఆగిన తరువాత ఇంజను ఆపాలి. పరుగులో ఉండగా తాళం చెవిని పూర్తిగా వెనక్కు తిప్పితే స్టీరింగు బిగుసుకుపోవచ్చు.

గుడ్డ కప్పుకు వెనుక ఉండేది గాజు అద్దం కాదు, మెత్తని ప్లాస్టిక్ రేకు. అది ఎండకు పసుపెక్కుతుంది, చలిలో మడిస్తే చిట్లుతుంది. అందుకే కప్పు దించే ముందు దాని జిప్పు తీసి రేకును చదునుగా పరచాలి. వాన నీరు బయటికి పోయేందుకు సీట్ల వెనుక ఉన్న సన్నని గొట్టాలు ఆకులతో, మట్టితో పూడుకుపోతే నీరు తివాచీ కిందికి చేరుతుంది. లోపల చెమ్మ నిలిచి తెల్లవారేసరికి అద్దాలన్నీ మంచు పట్టినట్లు మసకబారతాయి, తలుపుల కింది ఇనుము తుప్పు పడుతుంది. తడి తివాచీ వాసన వచ్చే కారును కొనేముందు మెకానిక్‌కు తప్పక చూపించాలి.

కుటుంబాల కోసం వెలువడే పత్రిక కనుక ఒక మాట మరింత స్పష్టంగా చెప్పాలి. అమెరికాలో 1994 నమూనా నుండి ఈ కారులో పక్క సీటుకు కూడా గాలి సంచి అమర్చారు. వెనక్కు తిరిగి ఉండే పసిపిల్లల సీటును పనిచేసే గాలి సంచి ఎదుట ఉంచడం ప్రాణాంతకం. ఢీకొన్న క్షణంలో ఆ సంచి విచ్చుకొనే బలానికి బిడ్డ తల, మెడ తట్టుకోలేవు. ఈ కారుకు వెనుక సీటు లేదు. కనుక పసిబిడ్డకు ఇందులో చోటు లేదు. ఒడిలో కూర్చోబెట్టుకోవడం దీనికి పరిష్కారం కాదు, అది ఇంకా పెద్ద ప్రమాదం. ఆస్పత్రి దగ్గరే కదా, దుకాణం దగ్గరే కదా అనే మాటకు కూడా ఇక్కడ తావు లేదు. ఇంట్లో బిడ్డ పుట్టిందంటే ముచ్చట కారు పక్కకు తప్పుకోవాలి, లేదా ఇంటికి మరొక కారు రావాలి.

అమ్మే రోజు వస్తే ఈ లోపాలన్నీ నోరు తెరిచి చెప్పి అమ్మాలి. మెరుగు పెట్టిన డాష్‌బోర్డు, కొత్త సీటు తొడుగు కొనేవాని కన్నును కప్పవచ్చు గాని, ఆ సీటు కింది కొక్కెం అరిగిన సంగతి తెలిసీ దాచినవాడు ఎదుటివాని ప్రాణంతో బేరమాడినట్లే. చెప్పి అమ్మితే ధర కొంత తగ్గుతుంది, అమానతు దక్కుతుంది.

కాబట్టి దూరాన ఉన్న కుమారుడు పాత కారు కొన్నానని సంతోషంగా చెప్పినపుడు తల్లిదండ్రులు నిరుత్సాహపరచనవసరం లేదు. ఎంత వేగం పోతుందని అడగవద్దు. "సీటు కదలకుండా బిగిసిందా? బెల్టు గుంజితే పట్టుకుంటోందా? కాళ్ళ దగ్గర పట్టా జారడం లేదు కదా?" అని అడగండి. చూసి చెబుతానంటే, చూసి వచ్చేవరకు ఫోను పెట్టకుండా ఉండండి.