కాపలా కుక్కకు ఫ్లాటులో పనేముంది?

గొర్రెల మందకు కాపలా కుక్క కావాలి. తోటకు కావాలి. మూడో అంతస్తులోని రెండు పడక గదుల ఫ్లాటుకు ఎందుకు?

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో రాట్‌వీలర్, కాకేసియన్ షెపర్డ్ వంటి భారీ కుక్కలపై మోజు పెరిగింది. ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇదే వరస.

కాకేసియన్ షెపర్డ్ సంగతే తీసుకుందాం. కాకసస్ కొండల్లో తోడేళ్ల బారి నుంచి మందలను కాచిన జాతి అది. యాభై కిలోలు దాటి పెరుగుతుంది. కొత్తవాడు కనిపిస్తే యజమాని మాట కోసం ఆగదు, తానే తేల్చుకుంటుంది. కొండ మీద అది మంచి గుణమే. అపార్ట్‌మెంటులోనో? పాలబ్బాయి, కొరియర్ కుర్రాడు, లిఫ్టులో ఎదురయ్యే పక్కింటి పాప... అందరూ దానికి కొత్తవాళ్లే. పోనీ దొంగల భయమా అంటే గేటు దగ్గర వాచ్‌మన్, మెట్ల దగ్గర కెమెరా ఉండనే ఉన్నాయి.

ఖర్చు కొన్న రోజుతో తీరిపోదు. తిండి ఒంటిని బట్టి. నట్టల మందు, ఆపరేషన్‌కు మత్తుమందు బరువును బట్టి. ఒత్తు జూలున్న కుక్కకు వేసవిలో ఏసీ తప్పదు. నున్నటి టైల్స్ మీద జారుతూ పెరిగితే తుంటి కీళ్లకు ముప్పు. పండక్కి అనంతపురమో, చిత్తూరో వెళ్లాలంటే దాన్ని ఎవరికి అప్పగించాలి?

2024 మార్చిలో కేంద్రం ఈ రెండింటితో సహా 23 జాతులను నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితులను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. మెజారిటీ తీర్మానం చేసినా అపార్ట్‌మెంటు సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అంటే పెంచుకునే హక్కుంది. బాధ్యత ఎవరిది?

మోజు తీరాక చాలా కుక్కలకు దక్కేది బాల్కనీ, మెడలో గొలుసు. తిరగనివ్వని కుక్కకు చిరాకు పెరుగుతుంది. దాని పంటికి ముందుగా చిక్కేది కొన్న యజమాని కాదు, రోజూ తలుపు తట్టే పనిమనిషి.

భారీ కుక్కలన్నీ ఇంతేనని కాదు. గ్రేట్ డేన్ లాంటివి ఇంట్లో నెమ్మదిగానే ఉంటాయి. కొనేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. రోజూ రెండు పూటలా తిప్పేదెవరు? అది ఒక్క ఉదుటున లాగితే పట్టి ఆపగల మనిషి ఇంట్లో ఉన్నారా? జవాబు లేకపోతే, కాపలా కుక్కను తోట ఉన్నవాళ్లకే వదిలేయడం మేలు.